రెండు వేళ్ల మర్యాద

మూడోవాడు కూడా చెయ్యెత్తేసి వెళ్లిపోయాడు. పసుప్పచ్చ బండి, పైకప్పు మడిచేసి ఉంది, కళ్లకు నల్లద్దాలు, నెత్తిన టోపీ, మొహం నిండా పళ్లు. ఆగవయ్యా మహానుభావా అని టీచరమ్మ రెండు చేతులూ ఊపితే, వాడు ఒక చెయ్యి గాల్లోకి పూర్తిగా లేపి, హారను రెండుసార్లు కొట్టి, పోతూ పోతూ ఇంజన్ని ఒకసారి గుర్రుమనిపించి మరీ మలుపు తిరిగాడు. అంటే తన బండిని చూసి మురిసిపోయి ఎవరో పెద్దావిడ చేతులు ఊపుతోంది అనుకున్నాడన్నమాట. మొదటివాడు లైట్లు టపటపలాడించాడు. రెండోవాడు స్టీరింగు మీంచి రెండు వేళ్లెత్తాడు. ముగ్గురికి ముగ్గురూ పెద్దమనుషులే, మర్యాదకు ఏ లోటూ చెయ్యలేదు. ఆమె వెనకాల వెండిరంగు బండిలో, స్టీరింగు ముందు, ఆమె భర్త ఎడం చెయ్యి గుండెకు అదుముకుని, చొక్కా మొత్తం చెమటతో తడిసిపోయి, మెడ వాల్చేసి ఉన్నాడు. దారిన పోయేవాడికి అది కూడా ముచ్చటగానే కనిపిస్తుంది గామోసు, ఎవరో పెద్దాయన లోయ చూసుకుంటూ సేద తీరుతున్నాడని. చూపులు తగలెయ్య, అనుకుంది టీచరమ్మ, కళ్లున్నాయి దేనికి వీళ్లకి?

అంబులెన్సుకు ఫోను చేసి ఎనిమిది నిమిషాలైంది. అవతల అమ్మాయి గొంతు ఎంత నెమ్మదో, చీర ధర చెబుతున్నట్టు చెప్పింది. "నలభై నిమిషాలు పడుతుంది మేడమ్, కొండెక్కి రావాలి కదా. కింద కూడలిలో పెద్దాసుపత్రి ఉంది, మీకు పన్నెండు కిలోమీటర్లు. మీ దగ్గర బండేమైనా ఉందా?" ఉంది, బ్రహ్మాండమైన బండి ఉంది, అంది టీచరమ్మ. "అయితే మీరే తీసుకొచ్చేయండి మేడమ్, వాళ్లకు నేను చెప్పి ఉంచుతాను. ఒక్కటి మాత్రం, సార్ని నిద్రపోనివ్వకండి. ఏదో ఒకటి మాట్లాడిస్తూ ఉండండి." మాట్లాడించాలట. ముప్ఫై ఏళ్లుగా ఆమె చేస్తున్న ప్రయత్నమే అది. పోనీ తోలడం రాక ఇక్కడ నిలబడిందా అంటే, ఇరవై రెండేళ్లుగా డ్రైవింగు స్కూలు నడుపుతోంది. నాలుగు వందల పదహారు మంది ఆమె దగ్గర నేర్చుకుని లైసెన్సులు తెచ్చుకున్నారు, వాళ్లలో అంబులెన్సు తోలేవాళ్లు కూడా ఇద్దరున్నారు. చిక్కల్లా ఆయన తోలే సీట్లో ఉన్నాడు. తొంభై రెండు కిలోల మనిషి. అదేమో సీటు కాదు, తొట్టి. నేలకు జానెడెత్తున ఉంటుంది, ఒళ్లు నొప్పులున్నవాడు మామూలు రోజున దిగాలన్నా తలుపు పట్టుకుని మూలగాలి. రెండు సీట్ల మధ్య గేరు రాడ్డు ఉన్న దిమ్మ ఒకటి, మోకాలెత్తు. చంకల్లో చేతులు వేసి లాగి చూసింది, మనిషి కదల్లేదు. కాళ్లు పట్టి లాగింది, కాళ్లు వచ్చాయి గానీ మిగతా ఆయన రాలేదు. ఆయన ఒళ్లో కూర్చుని తోలేద్దామా అని కూడా దూరి చూసింది, సిగ్గూ శరం ఏముంది ఈ వయసులో, కానీ తల కప్పుకు కొట్టుకుంది, స్టీరింగు పొట్టలో గుచ్చుకుంది, పైగా ఆ బరువుకి ఆయన అబ్బా అన్నాడు. ఇంకొక్క మనిషి కావాలి. రెండు చేతులు, రెండు నిమిషాలు. అంతకు మించి ఈ లోకాన్ని ఆమె ఏమీ అడగడం లేదు.

అడగడానికి లోకం ఇటు వస్తేగా. కింద కొత్త రోడ్డు పడ్డాక లారీలూ బస్సులూ మామూలు సంసారుల బండ్లూ అన్నీ అటే పోతున్నాయి. మలుపుల మలుపుల ఈ పాత కొండదారి ఆదివారం పొద్దున ఈ స్పోర్ట్సు కార్ల వాళ్లకే రాసిచ్చేసినట్టు ఉంటుంది. అందుకే ఇష్టం ఆయనకు. మనవాళ్లే ఉంటారు, అనేవాడు. మనవాళ్లు! పదకొండేళ్లుగా ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండేది. కళ్లద్దాల దుకాణం ఆయనది, ఊళ్లో అందరికీ అద్దాలాయనే. యాభై ఏళ్లు రాగానే ఏం పురుగు కుట్టిందో, ఎవరో వాడి వదిలేసిన ఈ రెండు సీట్ల బండిని కొని తెచ్చి, వాకిట్లో పెట్టి, నాలుగు మూలల నుంచీ నాలుగుసార్లు చూసుకుని, "ఇది మామూలు బండి కాదే, తోలడం నీకు రాదు," అన్నాడు. పక్కనే కూతురు నిలబడి ఉంది, అప్పుడు దానికి పదిహేడు. మరి నేనెక్కడ కూర్చోవాలి నాన్నా, అని అడిగింది, గట్టిగా కూడా కాదు, మామూలుగానే. ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ సంగతి అప్పటిదాకా ఆయన బుర్రకు తట్టలేదని ఆ మొహం చూస్తేనే తెలిసిపోయింది. మనం మార్చి మార్చి వెళ్దాం, అన్నాడు చివరికి. ఆ పిల్ల ఆ బండెక్కలేదు, ఇప్పటికీ ఎక్కలేదు.

మొదటి ఆదివారమే ఎదురుగా ఎర్రబండి ఒకటి వచ్చింది, అందులోవాడు స్టీరింగు మీంచి రెండు వేళ్లెత్తాడు, ఈయన ఉలిక్కిపడి మొత్తం చెయ్యెత్తి ఊపాడు, బస్సు పోతుంటే ఆపడానికి ఊపినట్టు. తర్వాత రెండు రోజులు దానికే కుమిలిపోయాడు. అలా ఊపకూడదట. దానికో పద్ధతి ఉందట. ఎక్కడ నేర్చుకున్నాడో నేర్చుకుని వచ్చి ఆమెకు పాఠం చెప్పాడు, డ్రైవింగు నేర్పే మనిషికి: అరచెయ్యి స్టీరింగు మీదే ఉండాలి, చూపుడు వేలు, మధ్యవేలు మాత్రం లేవాలి, నవ్వకూడదు, తల కొంచెం, చాలా కొంచెం, దించాలి. మన బండి లాంటి బండే ఎదురైతే లైట్లు ఒకసారి. పైకప్పు తీసిన బండైతే చెయ్యి పూర్తిగా ఎత్తొచ్చు. మనకన్నా పెద్ద బండైతే ముందు మనం ఎత్తాలి, వాడు బదులిస్తే వాడి మంచితనం. మనకన్నా చిన్న బండైతే వాడెత్తేదాకా ఆగాలి. కులాలు పోయాయనుకుంటే చక్రాల మీద మళ్లీ బయల్దేరాయి, అంది ఆమె. నీకర్థం కాదులే, అన్నాడు. ఆ మాటకొస్తే చాలా అర్థమైంది ఆమెకు. పెద్ద నల్లబండివాడు బదులివ్వకుండా పోయిన ఆదివారాల్లో ఈయన మధ్యాహ్నం అన్నం సరిగ్గా తినేవాడు కాదు. ఇద్దరు ముగ్గురు ఎత్తిన ఆదివారాల్లో కూనిరాగాలు తీసేవాడు. ఆమె పుట్టినరోజు ఎప్పుడో ఆయనకు గుర్తుండదు, బూడిదరంగు బండివాడు ఏ మలుపులో ఎదురై ఎన్ని వేళ్లెత్తాడో చెప్పగలడు. ఇంట్లో కూర అందించమంటే తల ఎత్తని మనిషి, ముక్కూ మొహం తెలియనివాడికి తల దించి మరీ వేళ్లెత్తేవాడు. ఆ వేళ్లు ఇప్పుడు ఒళ్లో పడి ఉన్నాయి, గోళ్లు తెల్లబడి.

"ఏవండీ, పడుకోకండి. ఇటు చూడండి." చూశాడు, చూసి మళ్లీ రెప్పలు వాల్చాడు. ఆమె వాటర్ బాటిల్ మూత తీసి మొహం మీద చిలకరించింది. ఇంటి నుంచి బయల్దేరేటప్పుడే మొహం తేడాగా ఉంది, అడిగితే గ్యాసు అన్నాడు. కొండ సగం ఎక్కాక కూడా గ్యాసే అన్నాడు. ఆ తర్వాత ఏమీ అనలేదు, ఇండికేటరు వేసి, అద్దంలో చూసి, రోడ్డు పక్కన ఫోటోలు తీసుకునే ఈ ఖాళీ జాగాలోకి నీటుగా తిప్పి, హ్యాండు బ్రేకు వేసి, తాళం తిప్పి ఇంజను ఆపి, అప్పుడు గుండె పట్టుకున్నాడు. ప్రాణం పోతున్నా ఇండికేటరు మర్చిపోలేదు, ఆ ఒక్కటీ ఒప్పుకోవాలి. పరీక్షయితే పాస్ చేసేది. తన తమ్ముడికి ఫోను చేస్తే రెక్కలు కట్టుకుని వస్తాడు, వచ్చేసరికి గంటన్నర. తమ్ముడు! ఆ ముచ్చట తలుచుకుంటే ఇప్పుడు కూడా ఆమెకు కళ్లు ఎర్రబడతాయి. గ్యాసు సిలిండర్లు వేసే బండి తోలుతాడు వాడు. రెండేళ్ల కిందట మార్కెట్టు రోడ్డులో వాడు ఎదురుగా వస్తున్నాడు, సిలిండర్ల మోతతో, సరిగ్గా వాడి వెనకాలే తెల్లటి స్పోర్ట్సు కారు ఒకటి. ఈయన వేళ్లెత్తాడు. లైట్లు కూడా వేశాడు. తమ్ముడు కిటికీలోంచి భుజం దాకా చెయ్యి బయటపెట్టి, బావా అని అరిచి, మొహం చేటంత చేసుకుని ఊపాడు. ఆ వారమంతా వాడు కనిపించినవాళ్లందరికీ చెప్పుకున్నాడు, మా బావకేం గర్వం లేదు, నడిరోడ్డు మీద నన్ను చూసి చెయ్యెత్తాడు, లైట్లు కూడా వేశాడని. పక్కన కూర్చున్న ఆమెకు తెలుసు ఆ వేళ్లు ఎవరికో. ఈయన తమ్ముణ్ణి చూడనే లేదు. చెప్పలేదు ఆమె, తమ్ముడికీ చెప్పలేదు, ఈయన్నీ నిలదియ్యలేదు. నిలదీసి ఉండాల్సింది, అనుకుంది ఇప్పుడు, రోడ్డు మీద నిలబడి. ఈయన బాగుపడగానే మొట్టమొదట అదే అడుగుతాను. బాగుపడకపోతే? పడకపోతే అన్న ఆలోచన రాగానే లోపల ఒక చోట, ఎంత చిన్న చోటో, పోతే పోనీ అనిపించింది, ఆదివారాలైనా మిగులుతాయి అనిపించింది, వెంటనే తన చెంప తనే వాయించుకుంది, నిజంగానే, చప్పుడయ్యేలా.

సరిగ్గా ఆ సమయానికే నాలుగో బండి వచ్చింది, నీలంది. ఈసారి ఆమె రోడ్డుకి సగం దాకా వెళ్లి నిలబడింది. చేతులు ఊపితే పలకరింపు అనుకుంటున్నారు కాబట్టి ఊపకుండా, రెండు చేతులూ జోడించి పట్టుకుంది. నీలంబండివాడు వేగం తగ్గించాడు. వచ్చేశాడు దేవుడు అనుకుంది. వాడి పక్కన కూర్చున్న అమ్మాయి ఫోను బయటపెట్టి వీడియో తీసింది, ఆమెనూ, ఆమె వెనక వెండిబండినీ, ఆ వెనక లోయనూ. వాడు ఆమె చుట్టూ ఒడుపుగా తిప్పుకుని, తనూ ఒక చెయ్యి గుండె మీద పెట్టుకుని తల వంచి, ఇంత పాత మోడలు ఇంకా ఇంత బాగా ఉంచారా అన్నట్టు బొటనవేలు చూపించి, పోయాడు. ఒక మనిషి రోడ్డు మీద దణ్ణం పెట్టి నిలబడితే, అది కూడా బండికి పెట్టిన దణ్ణమే వీళ్ల లెక్కలో. థూ, అంది పైకే. వీళ్లకు మనుషులు కనిపించరు. పుట్టుకతోనే అంతో, ఆ స్టీరింగు పట్టుకున్నాక ఆ జబ్బు అంటుకుంటుందో. బండే కనిపిస్తుంది, బండిలోంచి బండే కనిపిస్తుంది, బండికి ఏమైనా అయితే తప్ప ఆగరు.

అయితే తప్ప. ఆమె ఒక్కసారి ఆగిపోయింది. తర్వాత పరుగెత్తింది. తోలే సీటు పక్కన కింద, ఆయన పిక్కకు ఆనుకుని, ఒక చిన్న మీట ఉంటుంది. ఆయన కాలు పక్కకు నెట్టి ఆ మీట లాగింది. ఈ బండికి ఇంజను వెనకాల, పెద్ద గొప్ప అది కూడా, పదకొండేళ్లుగా వచ్చినవాడికల్లా చెప్పేవాడు. వెనక్కి వెళ్లి మూత పూర్తిగా పైకెత్తి, ఊత కడ్డీ తగిలించి నిలబెట్టింది. ఇంజనుకేం రోగం, పెళ్లికొడుకులా తళతళలాడుతోంది, ప్రతి శనివారం పాత బనీనుతో తుడుస్తాడు. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని, తల అటూ ఇటూ ఊపుతూ, దాన్ని చూసి బాధపడుతున్నట్టు నిలబడింది. చెయ్యి ఎత్తలేదు, రోడ్డు వైపు కూడా చూడలేదు.

రెండు నిమిషాలు పట్టలేదు. కొండ దిగుతున్న బండి ఒకటి కీచుమని ఆగింది, రబ్బరు కాలిన వాసన వచ్చింది, అదే వేగంతో వెనక్కి వచ్చింది. పసుప్పచ్చ బండి. ఇందాకటి పళ్లవాడే, పైదాకా వెళ్లి తిరిగి వస్తున్నాడు. తలుపు కూడా సరిగ్గా వెయ్యకుండా దూకి వచ్చాడు, టోపీ ఎగిరిపోయినా పట్టించుకోలేదు. "అయ్యయ్యో, ఏమైందండీ బండికి? వేడెక్కిందా? నీళ్లు పొయ్యకండి, నీళ్లు మాత్రం పొయ్యకండి!" బండికేం కాలేదు బాబూ, మనిషికైంది, అంది టీచరమ్మ. అతను వినలేదు, అప్పటికే నడుం వంచి ఇంజనులో తల దూర్చేశాడు. "బెల్టు బానే ఉంది... లీకు కూడా లేదే..." అంటున్నాడు, ఆ గొంతులో నిజమైన జాలి ఉంది, కన్నబిడ్డకు జ్వరం వస్తే చూసినట్టు చూస్తున్నాడు. ఆమె అతని చొక్కా కాలరు పట్టుకుని, స్కూల్లో క్లచ్చు వదలని మొండి శిష్యుల్ని లాగినట్టు లాగి, ముందు తలుపు దగ్గరికి ఈడ్చుకెళ్లి చూపించింది. అప్పుడు చూశాడు. మొహంలో రక్తం ఇంకిపోయింది. "సారు... సారు నాకు తెలుసండీ. ప్రతి ఆదివారం కనిపిస్తారు." తెలుసా, పేరేంటో చెప్పు, అంది ఆమె. అడగాల్సిన సమయం కాదని తెలుసు, అయినా అడిగింది. "పేరంటే... వెండిబండి సారు," అన్నాడు. "ఇందాక మీరు చెయ్యెత్తితే నేను కూడా ఎత్తానండీ, నాకేం తెలుసు," అని గబుక్కున ఏడుపు మొహం పెట్టాడు. నలభై ఏళ్లుంటాయి, చేతికి బంగారు గొలుసు, నేలకు వేసే పలకల వ్యాపారమట, ఎవరూ అడక్కుండానే చెప్పాడు, కంగారులో. ఏడుపు తర్వాత, చంకల కింద చేతులు వెయ్యి, అంది టీచరమ్మ.

ఎత్తారు. ముందు కాళ్లు బయటికి, తర్వాత నడుం, తర్వాత తల, కప్పుకు తగలకుండా. ఆమె ఒక్కో మాటా చెబుతోంది, ఎడమకు, ఇంకొంచెం, ఆగు, ఇప్పుడు, అని, పక్క సీట్లో కూర్చుని ఇరవై రెండేళ్లుగా చెప్పే గొంతుతోనే. బయటికి రాగానే ఆయన బరువంతా ఇద్దరి మీదా పడింది, పళ్లవాడు ఒక అడుగు వెనక్కి తూలాడు కానీ వదల్లేదు, ఆ మాటా చెప్పాలి. బండి చుట్టూ తిప్పి అవతలి సీట్లో దించారు. బెల్టు పెట్టింది. సీటు తోలు గీసుకుపోయింది సారు బూటుకి, అన్నాడు పళ్లవాడు, అలవాటు కొద్దీ అనేసి, తన నోరు తనే మూసుకున్నాడు. వెనక మూత దించి వచ్చి, "నేను తోలనా మేడమ్? ఇది మామూలు బండి కాదు, క్లచ్చు చాలా..." అన్నాడు. ఆమె చూసిన చూపుకు మిగతాది మింగేశాడు. నువ్వు ముందు పో, లైట్లు వేసుకుని, హారను కొట్టుకుంటూ, ఎదురొచ్చేవాళ్లను పక్కకు తప్పించు, అంది. తలూపి పరుగెత్తాడు.

అలా పదకొండేళ్లకు మొట్టమొదటిసారి ఆమె ఆ సీట్లో కూర్చుంది. ఇన్నేళ్లూ పక్క సీట్లో కూర్చుని, మలుపు వచ్చినప్పుడల్లా కుడికాలు దానంతటదే ముందుకెళ్లి నేలను నొక్కేది. స్కూలు బండిలో అయితే అక్కడ ఆమెకు వేరే బ్రేకు ఉంటుంది, ఇక్కడ పట్టా తప్ప ఏమీ లేదు, ఆ పట్టా ఆమె మడమ కింద చిరిగి దారాలు వచ్చింది. ఇప్పుడు కాలి కింద నిజం బ్రేకు. తాళం తిప్పింది, హ్యాండు బ్రేకు దించింది, ఫస్టు గేరు వేసింది, క్లచ్చు వదిలింది, బండి చిన్న కుదుపు కూడా లేకుండా రోడ్డెక్కింది. ఇంతేనా? ఇదేనా నాకు రాదన్నది? సెకండు, థర్డు. మలుపులో బండి రోడ్డుని ఎంత గట్టిగా పట్టుకుందంటే, ఒప్పుకోవడానికి సిగ్గేసింది గానీ, ఆమె ఒంట్లో ఒక సంతోషం పుట్టింది, చిన్నప్పుడు ఉయ్యాల పైకి వెళ్లినప్పటిది, మొగుడు పక్కన చెమటలు కక్కుతుంటే. బుద్ధుందా నీకు, అని తిట్టుకుంది. అలా తిట్టుకుంటూనే ఇంకో మలుపు తిప్పింది. ముందు పసుప్పచ్చ బండి లైట్లు ఆర్పి వెలిగిస్తూ, హారను ఆపకుండా కొడుతూ పోతోంది, ఎదురుగా తెల్లబండి ఒకటి వచ్చింది, అందులోవాడు వీళ్ల ఆర్భాటం చూసి పొంగిపోయి తను కూడా లైట్లు టపటపలాడించి, హారను కొట్టి, కిటికీలోంచి చెయ్యి ఊపుతూ పోయాడు. ఆ తర్వాత ఇంకొకడు. పండగనుకుంటున్నారు సన్నాసులు. తప్పుకోరా అని పళ్లవాడు మొత్తుకుంటున్నకొద్దీ వాళ్లు ఇంకా ఇంకా పలకరిస్తున్నారు.

"ఏవండీ." జవాబు లేదు. "ఏవండీ, వినిపిస్తోందా? పడుకోకూడదట, ఫోన్లో చెప్పింది ఆ అమ్మాయి." తల బెల్టు మీదికి వాలిపోయింది. ఆమె మాట్లాడింది. రేపు కొత్త ఫ్రేములు వస్తాయన్నారు కదా, దుకాణం ఎవరు తెరుస్తారు, అంది. కదల్లేదు. పిల్ల ఫోను చేసింది నిన్న, మీరెలా ఉన్నారని అడిగింది, అంది. అది అబద్ధం, పిల్ల ఆయన్ని అడగడం మానేసి చాలా రోజులైంది, అయినా అంది. రెప్ప కూడా ఆడలేదు. నేనండీ, నన్ను చూడండి, అంది, ఆ మాట ఇంతకుముందు ఎప్పుడు అన్నదో ఆమెకే గుర్తులేదు, ఆయన చూడలేదు. పెదాలు నీలంగా మారుతున్నాయి. ఆమె ఎడంకాలు వణకడం మొదలుపెట్టింది, అందుకే దిగుడు దగ్గర గేరు తగ్గించబోతూ క్లచ్చు సగమే తొక్కింది. కర్ర్‌ర్ మంది. బండి గుండెల్లోంచి, ఇనుప పళ్లు ఇనుప పళ్లని కొరుక్కున్నట్టు, ఇరవై రెండేళ్లలో ఆమె చేతి కింద ఏ బండీ చెయ్యని చప్పుడు. అద్దాలాయన కళ్లు తెరిచాడు. రెండు కళ్లూ, పూర్తిగా. "క్లచ్చు," అన్నాడు, "క్లచ్చు తొక్కి... చావు."

టీచరమ్మకు ముందు నవ్వు వచ్చింది, ఆ నవ్వు వెనకే ఏడుపు, ఆ ఏడుపు వెనకే మంట. కూతురి పేరుకు రాలేదు ప్రాణం. పెళ్లాం గొంతుకు రాలేదు. గేరు పళ్లు అరిగితే వచ్చింది! ఏ మనిషితో కాపురం చేశానే నేను, ఇన్నేళ్లూ, అనుకుంది, ఇంతకన్నా అవమానం ఇంకొకటి ఉంటుందా ఆడదానికి? కొన్ని గజాలు పోయేసరికి ఆ కళ్లు మళ్లీ మూతపడ్డాయి. ఆమె రోడ్డు చూసింది, ఇంకా ఏడు కిలోమీటర్లు. అవమానం గురించి తర్వాత చూసుకుందాం అనుకుని, ఈసారి కావాలనే, క్లచ్చు పావువంతు తొక్కి, రాడ్డు అదిమిపెట్టి గేరు వేసింది. కర్ర్‌ర్‌ర్. "అబ్బా," అన్నాడాయన, గుండెకు కాదు, బండికి. "నెమ్మదే... పళ్లు పోతాయి." పోనీండి, అంది. "మూర్ఖురాలా... అది... మామూలు బండి..." కాదులెండి, తెలుసు, అంది, ఎవరికీ వినపడనంత ప్రేమగా, మళ్లీ వేసింది. నాలుగు వందల పదహారు మంది శిష్యులూ వరసగా నిలబడి చూస్తున్నట్టే ఉంది ఆమెకు, ఇదేం పని టీచరమ్మా అని. నోర్ముయ్యండి మీరంతా, అంది మనసులో. ఎక్కడ గేరు మార్చనక్కర్లేదో అక్కడ మార్చింది. థర్డు నుంచి సెకండుకు, సెకండు నుంచి థర్డుకు, ఒక్కోసారి రివర్సు వైపు కూడా రాడ్డు నెట్టి, బండి గావుకేకలు పెడుతుంటే పళ్లు బిగపట్టి విన్నది. ఆయన తిట్టాడు. ఊపిరి అందిన చోట తిట్టాడు, అందని చోట చెయ్యి సగం లేపి వద్దన్నాడు. గాడిద అన్నాడు. నిన్ను ముట్టుకోనిచ్చినందుకు నన్ను కొట్టాలి అన్నాడు. ముప్ఫై ఏళ్లలో ఏ ఒక్క గంటలోనూ ఆయన ఇన్ని మాటలు ఆమెతో ఎప్పుడూ మాట్లాడలేదు.

కొండ దిగాక తిట్లు దూరమయ్యాయి. ఒక్కో కర్ర్‌మన్న చప్పుడుకూ జవాబు రావడానికి ఇంతకుముందు ఒక క్షణం పట్టేది, ఇప్పుడు మూడు, నాలుగు, ఒక చోట ఆరు. కూడలి కనిపించింది. పసుప్పచ్చ బండి అడ్డంగా నిలబడి అటు వచ్చే ఆటోలనీ బస్సునీ ఆపేసింది, పళ్లవాడు సీటు మీద నిలబడి రెండు చేతులూ ఊపుతూ అరుస్తున్నాడు, జనం వాణ్ణి నానా తిట్లూ తిడుతున్నారు. ఆమె ఆ సందులోంచి దూసుకుపోయింది. ఆసుపత్రి గోడ, ఆకుపచ్చ బోర్డు, దూరంగా గేటు, గేటు దగ్గర తెల్లబట్టల వాళ్లు ఇద్దరు, చక్రాల మంచం. కర్ర్‌ర్. జవాబు లేదు. ఏడు లెక్కపెట్టింది. మళ్లీ వేసింది, ఇనుము కాలిన వాసన లోపలికి వచ్చింది, చెవులు గింగురుమన్నాయి. జవాబు లేదు. "ఏవండీ, చూడండి, మీ బండి పళ్లన్నీ రాలగొడుతున్నాను! చూడండి, నాకు రాదు, నాకేమీ రాదు, ఒప్పుకుంటున్నాను, ఒక్క మాట తిట్టండి!" అని అరిచింది, ఎన్నడూ ఎవరి ముందూ ఒప్పుకోని మనిషి, కన్నీళ్లలో గేటు రెండు గేట్లుగా కనిపిస్తుంటే, రాడ్డుని చెయ్యి నొప్పెట్టేలా అదిమింది. బండి మొత్తం వణికింది.

పక్క సీట్లోంచి, ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు, పలచగా వచ్చింది గొంతు.

"ఎవడిచ్చాడే... నీకు... లైసెన్సు?"

"మీరే పీకేద్దురు గాని," అంది టీచరమ్మ ముక్కు చీదుకుంటూ, చక్రాల మంచం పక్కన బండి ఆపి, "ముందు దిగండి."